పేరు రాయొద్దన్న మనిషి

పోయిన వారం మా స్టాఫ్ రూములో తెలుగు టీచరు తన ఫోన్ నా ముందుకు తోసింది. "నువ్వు సైన్సు కదా, ఇది నిజమేనా చెప్పు" అంది. తెర మీద ఎర్రటి సూర్యుడు, నడుమ నల్లటి మచ్చ. కింద పెద్ద అక్షరాలు: "మన ఎమ్మిగనూరు సైంటిస్టు చివరి హెచ్చరిక". ఆ కింద ఒక మనిషి పేరు, అతని ఫోటో స్టూడియో పేరు, ఊరు.

ఆ మనిషి చనిపోయి ఎనిమిది నెలలైంది. అతను సైంటిస్టు కాదు. ఎవరినీ దేని గురించీ హెచ్చరించలేదు. ఆ బొమ్మ కింద ఆ పేరు మొదట రాసింది నేను.

నేను ఆదోనిలో ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. కొన్నేళ్ళుగా ఒక పత్రిక ఆదివారం సంచికలో పిల్లల కోసం ఆకాశం గురించి అరపేజీ రాస్తున్నాను. మొదట్లో బొమ్మలు ఎవరివని పట్టించుకునేదాన్ని కాదు. వెతికితే దొరికినవాటిలో బాగున్నది తీసి పంపేదాన్ని. కింద "ఇంటర్నెట్ సౌజన్యం" అని వేసేవాళ్ళు. ఒకసారి గురుగ్రహం బొమ్మ వేశాం. ఆ సోమవారం మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక ఫోనొచ్చింది.

"మేడం, ఎమ్మిగనూరు నుంచి మాట్లాడతాండా. ఈడ ఫోటో స్టూడియో ఉంది నాది. మీ గురుగ్రహం తలకిందులైంది."

నాకు అర్థం కాలేదు.

"ఎర్రమచ్చ కిందికి ఉండాల. మీ బొమ్మలో పైకుంది. ఎవురో తిప్పినారు. తిప్పినోడే మూలన ఉండే పేరు గుడక కోసేసినాడు." గొంతు తగ్గించి అడిగాడు. "మేడం, ఈ ఇంటర్నెట్ అనే మనిషి యాడుంటాడు?"

వెటకారం అనుకున్నాను. తర్వాత తెలిసింది, అతనికి వెటకారం రాదని. నిజంగానే బాధపడి అడిగాడు. ఆ బొమ్మ చేసింది ఏదో చలిదేశంలో ఉండే ఒక పెద్దావిడట. బస్సు తోలి రిటైరయిందట. అంతరిక్ష నౌక పంపిన ముడి చిత్రాలు తీసుకుని, ఒక్కతే కూర్చుని రోజులకు రోజులు శుభ్రం చేసి ఆ రంగులు తెచ్చిందట. "ఆమెకు జాబు రాసినా. తెలుగు పేపర్లో నీ బొమ్మ ఏసినారు తల్లీ, నీ పేరు ఏస్తే నీకు ఇష్టమేనా అని. ఏమన్నాదో తెలుసునా? ఇంతవరకు నన్నెవరూ అడగలేదు అన్నాది."

ఆ ఆదివారం నేను బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను.

స్టూడియో నేతగాళ్ళ వీధి మొదట్లో ఉంది. మగ్గాల చప్పుడు గోడలోంచి వచ్చేది. ముందు ఒక అద్దాల బీరువా, అందులో పెళ్ళిళ్ళ ఫోటోలు, షష్టిపూర్తులు, పట్టు అంగీల పిల్లలు. వెనక చీకటి గదిలో కంప్యూటరు. యాభై దాటిన మనిషి, పొట్టి చేతుల తెల్ల చొక్కా, ఎప్పుడూ నుదుటి మీదికి ఎక్కించుకున్న కళ్ళద్దాలు. మౌస్ పట్టుకునే ముందు చేతులు కడుక్కునేవాడు, భోజనానికి కూర్చునే మనిషిలాగా. బొమ్మ మీద వేలు పెట్టి చూపించేవాడు కాదు. అగ్గిపుల్లతో చూపించేవాడు, అది కూడా తెరకు తగలకుండా.

అతని పనిలో సగం చనిపోయినవాళ్ళ పటాలు. ఓటరు కార్డులోదో, రేషన్ కార్డులోదో గోరంత మొహం తెచ్చి ఇచ్చేవాళ్ళు, గోడకు తగిలించేంత పెద్దది చేసిమ్మని. నేను మొదటిసారి పోయినప్పుడు ఒక ముసలాయన భార్య ఫోటో తెచ్చి నిలబడి ఉన్నాడు. ఆమె ఏదో పెళ్ళి పందిట్లో, జనం మధ్యలో, సగం పక్కకు తిరిగి ఉంది.

"ఎవురు తీసినారప్పా ఇది?" అని అడిగాడు ఇతను.

"ఎవురు తీస్తేనేమిలే అన్నా, మొగం బాగొస్తే సాలు."

"కాదప్పా, గుర్తు తెచ్చుకో."

ముసలాయన చాలాసేపు ఆలోచించాడు. "మా బామ్మర్ది కూతురు. దాని సేతిలో ఉండె ఫోను." అని, ఉన్నట్టుండి నవ్వాడు. "అదంటే ఈమెకు పానం."

ఇతను తలూపి, కాగితం వెనక ఆ పిల్ల పేరు రాసుకున్నాడు. ముసలాయన పోయాక నాతో అన్నాడు. "ఫోటోలో మనిషి మనల్ని సూడదు మేడం. తీసినోళ్ళను సూస్తాది. వాళ్ళెవరో తెలిస్తే ఆ సూపు సెడగొట్టకుండా పెద్దది సేయొచ్చు."

ఆ తర్వాత నెలకు ఒకసారైనా పోయేదాన్ని. ఎవరి బొమ్మో కనుక్కోవడం ఎట్లాగో అతనే నేర్పాడు. ఒకే బొమ్మ వందచోట్ల ఉంటే అన్నిటికంటే పెద్ద సైజుది, అన్నిటికంటే ముందు పెట్టినది వెతకాలి. రంగులు తక్కువ ఘాటుగా ఉన్నది అసలుకు దగ్గర, ఎందుకంటే ఎత్తుకుపోయిన ప్రతివాడూ కొంచెం రంగు పెంచుతాడు. మూలలు చూడాలి, సంతకం కోసిన గుర్తు ఉంటుంది. చివరికి ఆ మనిషి దొరికితే, అడగాలి. "అడగకుండా పేరేసేది గుడక దొంగతనమే" అనేవాడు. నాకు ఆ మాట అప్పుడు చెవికెక్కలేదు.

అంతరిక్ష నౌకలు పంపేవి మనం చూసే రంగుల బొమ్మలు కావని కూడా అక్కడే చూశాను. బూడిదరంగు పట్టీలు, గీతలు, చుక్కలు. ఒకే దృశ్యం మూడుసార్లు, మూడు రంగుటద్దాల గుండా. అవి ఎవరైనా తీసుకోవచ్చు. వాటిని ఒకదానిమీద ఒకటి కదలకుండా పేర్చి, మురికి తీసి, లోపల ఉన్నది బయటికి తెచ్చేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. జీతం లేదు. వాళ్ళలో ఒకరి మొహం ఒకరు చూడరు. మారుపేర్లతో పలకరించుకుంటారు. ఇతనికీ ఒక మారుపేరు ఉండేది. అది ఇక్కడ రాయను.

ఒకరోజు అతను టీ తేవడానికి బయటికి పోయినప్పుడు తెర మీద శనిగ్రహం కనిపించింది. వలయాల నీడ గ్రహం మీద పడిన బొమ్మ. రెండేళ్ళుగా నా క్లాసురూము గోడకు అంటించుకున్నది అదే. ఎవరిదో కనుక్కోలేక కింద పేరు లేకుండానే వదిలేశాను. అతను టీతో వచ్చేసరికి నేను తెర ముందు నిలబడి ఉన్నాను.

"అన్నా, ఇది మీదా?"

దొంగతనం బయటపడినట్టు మొహం పెట్టాడు. "పాతది మేడం. వలయాల కాడ రంగు సరిగా రాలేదు."

"ఇన్నాళ్ళు చెప్పలేదే?"

"మీరు అడగలేదు."

అతను స్టూడియో మిద్దె మీద పొద్దున పూట సూర్యుణ్ణి కూడా తీసేవాడు. పాత దూరదర్శిని, ముందు నల్లటి రక్షణ పొర. ఆ ఏడాది సూర్యుడి మీద పెద్ద మచ్చ ఒకటి వచ్చింది. అలాంటి మచ్చలు వస్తుంటాయి, పోతుంటాయి. అక్కడ వేడి కాస్త తక్కువ, అంతే. కానీ అతను తీసిన బొమ్మలో ఆ మచ్చ అంచులు పూలరేకుల్లా విడివిడిగా కనిపించాయి. అంత మంచి సూర్యుడి బొమ్మ నేను ఎవరి దగ్గరా చూడలేదు.

"ఇది ఈ వారం వేస్తాను. మీ పేరుతో."

"బొమ్మ ఏసుకోండి. పేరొద్దు."

"అందరి పేర్లూ రాయమని మీరే కదా నేర్పింది?"

"వాళ్ళను అడిగి రాసినాం. నన్ను అడిగితే వద్దంటాండా. అది గుడక జవాబే కదా మేడం."

"ఎందుకొద్దు?"

అతను అగ్గిపుల్ల విరిచి పక్కన పెట్టాడు. "పేరుంటే ఊరుంటాది. ఊరుంటే మనిషిని ఎతుక్కుంటా వస్తారు. మంచికే వస్తారని ఏముంది?"

నేను అది మొహమాటం అనుకున్నాను. పేపర్లో చూస్తే సంతోషిస్తాడనుకున్నాను. మన పక్క ఊళ్ళో ఇంత పనిమంతుడు ఉంటే ఎవరికీ తెలియకపోవడం అన్యాయం అనిపించింది. ఆ అన్యాయాన్ని నేను సరిచేస్తున్నానన్న గర్వం కూడా ఉండింది, అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. బొమ్మ కింద అతని పూర్తి పేరు, స్టూడియో పేరు, ఎమ్మిగనూరు అని రాసి పంపాను.

ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తలేదు. సోమవారం ఎత్తి, "సూసినా మేడం. అచ్చు బాగొచ్చింది" అన్నాడు. వీధిలో నేతగాళ్ళు వచ్చి భుజం తట్టారట. రెండు రోజులు నాకు తృప్తిగా ఉండింది.

మూడో రోజు ఆ వీడియో వచ్చింది. ఎవరు పెట్టారో ఈరోజుకీ తెలియదు. డప్పుల మోత వెనక ఒక గొంతు. "సూర్యుడికి పుండు పడింది. ఎమ్మిగనూరు సైంటిస్టు కనిపెట్టిన భయంకర నిజం. ఉగాదిలోపల ఏం జరగబోతోంది?" అతని బొమ్మకు రక్తం రంగు పూశారు. మచ్చను పెద్దది చేసి, కొట్టుకుంటున్న గుండెలాగా కదిలించారు. అన్నీ మార్చినవాళ్ళు ఒక్కటి మాత్రం మార్చలేదు. కింద నేను రాసిన వాక్యం. పేరు, స్టూడియో, ఊరు, అక్షరం పొల్లుపోకుండా.

మొదట జనం వింత చూడటానికి వచ్చారు. తర్వాత భయంతో వచ్చారు. పత్తి వ్యాపారి ఒకాయన ఆదోని నుంచి కారులో వచ్చి, సరుకు ఇప్పుడే అమ్ముకోవాలా అని అడిగాడట. నిండుగర్భిణిని వెంటబెట్టుకుని ఒక అత్త వచ్చి, కానుపు ఎప్పుడైతే బిడ్డ దక్కుతుందో చెప్పమందట. అతను ప్రతి ఒక్కరికీ ఓపికగా చెప్పాడు. అది మచ్చ, పుండు కాదు, నేను ఫోటోలు తీసేవాణ్ణి అని. తలలూపి పోయేవాళ్ళు. నిజం చెప్పడానికి భయపడుతున్నాడు అనుకుంటూ పోయేవాళ్ళు.

అంతలో స్టూడియో బీరువాలో షష్టిపూర్తి ఫోటో ఉన్న పెద్దాయన పోయాడు. గుండెజబ్బు మనిషి, చాలాకాలంగా మంచంలో ఉన్నాడు. అదే వారం, ఇదే స్టూడియోలో పాస్‌పోర్టు సైజు ఫోటో దిగిన ఒకతను ఆదోని రోడ్డులో లారీ కింద పడ్డాడు. చనిపోయినవాళ్ళ పటాలు చేసేవాడు, సూర్యుడి పుండు కనిపెట్టినవాడు. రెండూ కలిపింది ఎవరో నాకు తెలియదు. ఆ కంప్యూటర్లో మొహం ఉంటే మంచిది కాదన్న మాట మాత్రం ఊళ్ళో నిలబడిపోయింది.

నేను పత్రికలో వివరణ రాశాను. నాలుగు వాక్యాలకు చోటిచ్చారు. దాన్ని పట్టుకుని రెండో వీడియో వచ్చింది, "నిజాన్ని దాచిపెడుతున్నారు" అని.

ఆ వారం నేను పోయేసరికి స్టూడియో ముందు వరస ఉంది. ఇరవైమంది దాకా. ఎవరూ అరవడం లేదు. కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని ఆడవాళ్ళు, చెప్పులు విడిచి మగవాళ్ళు. పెళ్ళి ఫోటోలు దిగినవాళ్ళు, పిల్లలకు ఫోటోలు తీయించినవాళ్ళు. తమ ఫోటోలు కంప్యూటర్లోంచి తీసేయించుకోవడానికి వచ్చారు.

అతను లోపల కూర్చుని ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు. పెళ్ళి తేదీ అడిగి, ఫైలు తెరిచి, అందులో మొహాలు చూపించి, వాళ్ళ కళ్ళ ముందే తీసేస్తున్నాడు. ఒక ముసలామె తెరకు కనిపించకుండా గడప అవతలే నిలబడింది.

"నా మనవరాలిది పోయిందా?"

"పోయిందమ్మా. సూడు."

"కంప్యూటరు సెత్తబుట్టలో పడుంటాదంట కదా. ఆడ గుడక తీసెయ్ నాయనా."

"తీసేసినా తల్లీ."

"ఒట్టేసి సెప్పు."

అతను ఒట్టు వేశాడు. ఆమె దణ్ణం పెట్టింది. కృతజ్ఞతతో కాదు. భయంతో. ఏ దేవుడికీ ఆమె అట్లా పెట్టి ఉండదు.

వరస అయిపోయేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఏళ్ళ తరబడి చేసిన పని. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను మాట్లాడటానికి ప్రయత్నించాను.

"అన్నా, నా వల్లే..."

"మీరు తప్పు రాయలేదు మేడం. బొమ్మ నాదే. పేరూ నాదే." తెరలో ఖాళీ అయిన ఫైళ్ళ వైపు చూశాడు. "నాకు వాళ్ళ మీద కోపం లేదు. ఒకటే దిగులు. నిన్న పత్తికొండ పక్క నుంచి ఒకాయన వచ్చినాడు. పాపం, ఏమీ తెలీదు ఆయనకు. పాస్‌పోర్టు ఫోటో తియ్యమన్నాడు. కెమెరా ఎత్తినా. నొక్కలేకపోయినా మేడం."

"ఎందుకు?"

"దావలో ఆయనకేమన్నా అయితే అని."

ఊరు నమ్మినదాన్ని అతని చెయ్యి కూడా నమ్మడం మొదలుపెట్టింది.

ఉగాది వచ్చింది, పోయింది. ఏమీ కాలేదు. ఏమీ కాలేదని ఎవరూ వీడియో పెట్టలేదు. షాపు అద్దెకిచ్చిన యజమాని, "నాకేం లేదన్నా, ఇంట్లో ఆడోళ్ళు భయపడతాండారు" అని తాళం అడిగాడు. అతను కంప్యూటరూ దూరదర్శినీ మూటగట్టుకుని, తుంగభద్ర ఒడ్డున మాధవరంలో అక్క ఇంటికి పోయాడు. ఆమె భర్త లేని మనిషి, మంత్రాలయంలో ఒక సత్రంలో వంట చేస్తుంది.

అక్కడి నుంచి కూడా నాకు సందేశాలు వచ్చేవి. నా అరపేజీ వదలకుండా చూసేవాడు. "ఈ వారం నీహారిక బొమ్మ మీరు పేరేసిన మనిషిది కాదు మేడం, ఫలానావాళ్ళది, అడిగినా, సరేనన్నారు." అంతే. బాగున్నారా అంటే బాగున్నా అనేవాడు. ఒకసారి మాత్రం, "ఈడ గుడక సూసినారు మేడం" అని రాశాడు. ఏమి చూశారో అడగాల్సిన పని లేకపోయింది.

మే నెలలో సందేశాలు ఆగిపోయాయి. పరీక్ష పేపర్లు దిద్దే పనిలో పడి నేను పట్టించుకోలేదు. రెండు వారాల తర్వాత అక్క ఫోన్ చేసింది. "టీచరమ్మా, మా తమ్ముని ఫోన్లో కడాకు నీ పేరే ఉండె. అందుకే సేస్తాండా. వాడు లేడమ్మా."

ఆ సాయంత్రం నేను చలిదేశపు పెద్దావిడకు జాబు రాశాను. ఆమెకు నేను కొంత తెలుసు, మా మధ్య ఉత్తరాలు నడిపింది అతనే. తెల్లారేసరికి జవాబు ఉంది. మాకు తెలిసినవాళ్ళలో అంత నిదానంగా పనిచేసేవారు లేరు అని రాసింది. ఆయన బొమ్మలన్నీ ఒకచోట చేర్చాలని అందరం అనుకుంటున్నాం, ఈసారి మారుపేరు కాదు, అసలు పేరు పెట్టాలని ఉంది, ఆయన పేరేమిటో చెప్పగలరా అని అడిగింది.

ఒకసారి అడగకుండా రాసినదాన్ని. ఈసారి అడగడానికి మాధవరం పోయాను.

అక్క నన్ను లోపల చాప మీద కూర్చోబెట్టింది. నీళ్ళిచ్చింది. వీధి తలుపు దగ్గరగా వేసింది. అప్పుడు చెప్పింది.

"వాడు పొద్దున్నే మిద్దె ఎక్కితే సుట్టుపక్కల ఇండ్లోళ్ళు తలుపులు ఏసుకుంటాండ్రి. పిల్లల్ని లోపలికి ఈడ్సుకుంటాండ్రి. వాడు సూసినాడు. నాల్గు దినాలు ఎక్కలేదు. మళ్ళ మొదలుపెట్టినాడు. నడిమధ్యాన్నం. ఆ పొద్దు ఎవురూ బయటికి రారు కదా, ఎవురి కంటా పడకూడదని."

మధ్యాహ్నం పూట ఎవరూ సూర్యుణ్ణి తియ్యరు. నేల కాగి గాలి ఉడుకుతుంటుంది, బొమ్మ వణుకుతుంది, ఒక్కటీ పనికిరాదు. అది అతనికి నాకంటే బాగా తెలుసు. మే నెల ఎండలో, కాలు పెట్టలేని మిద్దె మీద, పనికిరాని బొమ్మల కోసం నిలబడ్డాడు.

"నేను సత్రం నుంచి వచ్చేసరికి నాలుగైంది" అంది అక్క. "ఎండదెబ్బ అన్నాడు డాక్టరు."

తర్వాత నేను వచ్చిన పని చెప్పాను. వాళ్ళెవరో, ఏం చేయాలనుకుంటున్నారో, అతని పనిని ఎంత గొప్పగా చూస్తారో. ఆమె చివరిదాకా విన్నది. కళ్ళు తుడుచుకుంది. నా తమ్ముడు అంత పని చేసినాడా అని రెండుసార్లు అడిగింది.

"పేరు పెట్టమంటావా అక్కా?"

ఆమె వేసి ఉన్న తలుపు వైపు చూసింది.

"వద్దు టీచరమ్మా. నేనింకా ఈడ బతకాల."

బయలుదేరేటప్పుడు కంప్యూటరు పెట్టె నా చేతిలో పెట్టింది. ఇంట్లో ఉంచుకోవడం ఇష్టం లేదంది. బస్సులో అది ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కనామె ఏమిటమ్మా అది అని అడిగింది. స్కూలు సామాను అన్నాను.

పెద్దావిడకు రాశాను, పేరు చెప్పడానికి ఇంటివాళ్ళ అనుమతి లేదు, ఆయన ఎంచుకున్న మారుపేరే ఉంచండి, బొమ్మలన్నీ పంపుతాను అని. వాళ్ళు అర్థం చేసుకున్నారు. మళ్ళీ పేరు అడగలేదు. ఒక్కొక్క బొమ్మే పంపుతున్నాను. శని, గురుడు, పొద్దుటి సూర్యుళ్ళు. చివరి ఫైలులో ఉన్నవి, ఆ వణుకుతున్నవి, ఇంకా పంపలేదు.

పోయిన నెల ఆమె ఇంకో జాబు రాసింది. మర్యాదగా, చిన్నగా. ఆయన వయసు పెద్దదేమీ కాదు కదా, ఎలా చనిపోయారు అని.

ఎండదెబ్బ అని ఒక్క మాటలో రాయొచ్చు. డాక్టరు చెప్పిందీ అదే. ఆమె ఇంకేమీ అడగదు కూడా. రోజూ ఆ జాబు తెరుస్తాను, చదువుతాను. ఇంకా జవాబు రాయలేదు.